ఫైనల్ ఎక్కడ ఆడదాం? జనం ఎందుకు రావాలి?

(మన సాంస్కృతిక సంఘం వార్షికోత్సవ సభలో యువజన క్రీడా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మన భాష గురించి, పాటల గురించి, డోలు కొమ్ము ఆటల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పెద్దలు మమ్మల్ని క్రీడల గురించి మాట్లాడమన్నారు. ఎందుకన్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. పోయినేడు జరిగింది ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

గూడేల కబడ్డీ పోటీల ఫైనల్‌ను పోయినేడు మొదటిసారి పట్నం స్టేడియంలో పెట్టాం. ఆ నిర్ణయం మాదే. అక్కడ లైట్లు ఉన్నాయి, గ్యాలరీ ఉంది, మన పిల్లలు కూడా పెద్ద మైదానంలో ఆడాలని ఆశపడ్డాం. తీరా మ్యాచ్ మొదలయ్యేసరికి గ్యాలరీలో ఉన్నది ఆటగాళ్ల ఇంటివాళ్లు, కమిటీ వాళ్లం, టీ అమ్ముకునే ఒకాయన. అమ్మాయిల ఫైనల్‌ను పొద్దున్నే పెట్టాం. అప్పటికి మన వైపు నుంచి మొదటి బస్సే రాలేదు. గెలిచిన అమ్మాయిలు కప్పు ఎత్తితే ఓడిన జట్టు అమ్మాయిలే చప్పట్లు కొట్టారు. అది చూసి మాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. పెద్దవాళ్లు, "ఆట పుట్టిన చోటికే ఫైనల్ తీసుకురండి, సంత పక్క మైదానం ఉందిగా" అంటున్నారు. కుర్రవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు, "మళ్లీ మట్టి మైదానమేనా? మేం ఎప్పటికీ లైట్ల కింద ఆడకూడదా?" అని అడుగుతున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే తొందరపడకుండా, ఇలాంటి చిక్కు ఇంకెవరికైనా వచ్చిందా అని వెతికాం. అలా వెతుకుతూ ఐర్లాండ్ దాకా వెళ్లాం. విమానంలో కాదులెండి, పుస్తకాల్లో, ఫోన్లో.

తమ సొంత ఆటలు ఆడే జనం

ఐర్లాండ్ చిన్న ద్వీపం. అక్కడి పాత భాష ఐరిష్, దాన్నే గేలిక్ అని కూడా అంటారు. ఇంగ్లీషు వాళ్ల పాలనలో ఆ భాష వెనక్కి పోయింది. 1840లలో వచ్చిన పెద్ద కరువులో లక్షల మంది చనిపోయారు, లక్షల మంది ఓడలెక్కి అమెరికా పోయారు. పట్నాల్లో గౌరవం ఇంగ్లీషు ఆటలకే దక్కేది. పల్లెల్లో కర్రతో బంతి కొట్టే పాత ఆట హర్లింగ్ చాలాచోట్ల కనుమరుగవుతూ వచ్చింది.

అలాంటి సమయంలో, 1884 నవంబరు 1న, టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ అనే ఊళ్లో, హేస్ హోటల్లో కొద్దిమంది కూర్చుని ఒక సంఘం పెట్టారు. మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు అందుకు ముందు నిలిచాడు. మారిస్ డేవిన్ మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. అక్కడివాళ్లు పొట్టిగా జీఏఏ అంటారు. ఆ రోజు గదిలో కూర్చున్నవాళ్లు పట్టుమని పదిమందో, ఇంకాస్త ఎక్కువో. ఇవాళ ఆ సంఘం కింద 2,000కు పైగా క్లబ్బులు ఉన్నాయి.

వాళ్ల ముఖ్యమైన ఆటలు రెండు. ఒకటి హర్లింగ్. యాష్ చెట్టు కర్రతో చేసిన బ్యాటుతో చిన్న తోలు బంతిని కొడతారు. రెండోది గేలిక్ ఫుట్‌బాల్. ఇందులో బంతిని చేత్తోనూ ఆడతారు, కాలితోనూ ఆడతారు. రెండింటిలోనూ జట్టుకు 15 మంది. మహిళలు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు. మన పిల్లలు బాగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ ఆటగాళ్లకు జీతాలు లేవు. ఆదివారం 80 వేల మంది ముందు ఆడినవాడు సోమవారం బడిలో పాఠం చెబుతాడు, లేదా పొలంలో పని చేసుకుంటాడు. పుట్టిన ఊరి క్లబ్బుకు, కౌంటీకి ఆడతాడు. ఎక్కువ డబ్బులిచ్చే చోటికి పోయి ఆడడమనేది ఆ ఆటల పద్ధతిలోనే లేదు.

మన గూడెం జట్టుకు మనం ఆడినట్టే. అందుకే వాళ్ల కథ చెబుతున్నాం.

లీగ్ ఫైనల్‌కు వచ్చిన చిక్కు

వాళ్లకు ఏటా రెండు పెద్ద పోటీలు ఉంటాయి. ఎండాకాలంలో జరిగేది ఆల్ ఐర్లాండ్ చాంపియన్‌షిప్. దానికి జనాన్ని పిలవక్కర్లేదు. 1961లో డౌన్, ఆఫలీ కౌంటీల మధ్య జరిగిన ఫుట్‌బాల్ ఫైనల్‌కు 90,556 మంది వచ్చారు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. రెండోది నేషనల్ లీగ్. చలి పూర్తిగా పోకముందే మొదలై మార్చి చివరికో ఏప్రిల్‌కో ముగుస్తుంది. 1925-26 నుంచి నడుస్తున్న పోటీ ఇది. మంచి జట్లే ఆడతాయి, మంచి ఆటే ఉంటుంది. కానీ ఫైనల్‌కు చాంపియన్‌షిప్‌కు వచ్చినంత జనం రారు.

ఎందుకు రారు? కారణాలు చూస్తే మన ఇంటి సంగతిలాగే ఉంటుంది.

మొదటిది, ఆ మ్యాచ్‌లో పోయేదేమిటి, వచ్చేదేమిటి అన్న ప్రశ్న. ఫుట్‌బాల్ లీగ్‌లో నాలుగు డివిజన్లు, ఒక్కో డివిజన్లో ఎనిమిది జట్లు. ఒక్కో జట్టు ఏడు మ్యాచులు ఆడుతుంది. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు పై డివిజన్‌కు వెళతారు, ఆ ఇద్దరే ఫైనల్ ఆడతారు. అంటే కింది డివిజన్ల ఫైనల్ మొదలయ్యేసరికే అసలు లాభం ఇద్దరికీ వచ్చేసింది. మిగిలింది కప్పు ఒక్కటే. రెండోది, కొద్దిరోజుల్లోనే చాంపియన్‌షిప్ మొదలవుతుంది. కోచ్‌లు మంచి ఆటగాళ్లను దాచుకోవాలని చూస్తారు. అభిమానులు డబ్బులు దాచుకోవాలని చూస్తారు. మూడోది, ఎక్కడ ఆడుతున్నారన్నది.

ఆ మూడోదే మన తగవు కూడా. కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

మైదానం ఎంత, వచ్చే జనం ఎంత?

డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ జీఏఏకు గుండెకాయ. సంఘానికి మొదటి నుంచి అండగా నిలిచిన ఆర్చిబిషప్ క్రోక్ పేరు పెట్టారు. 1913లో ఆ స్థలం కొనుక్కున్నారు. ఇవాళ అందులో 82,300 మంది పడతారు. ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్స్‌ను మామూలుగా అక్కడే ఆడిస్తారు.

అంత పెద్ద స్టేడియంలో 20 వేల మంది కూర్చున్నారనుకోండి. 20 వేలంటే తక్కువ జనమా? మన దగ్గర పెద్ద జాతర. కానీ అక్కడ నాలుగింట మూడు సీట్లు ఖాళీ. కేకలు గాల్లో కలిసిపోతాయి. టీవీలో చూసేవాడికి ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. "ఎవరూ పోవట్లేదు, మనమెందుకు పోవాలి" అనుకుంటాడు. అదే 20 వేల మందిని 25 వేలు పట్టే మైదానంలో కూర్చోబెడితే పండగ. టికెట్ దొరకదేమోనన్న భయంతోనే నలుగురు ముందుగా కొంటారు.

హర్లింగ్ వాళ్లు ఈ లెక్క చూసుకున్నారు. వాళ్ల లీగ్ ఫైనల్ ఒక్కచోటే ఉండదు. 2017లో గాల్వే, టిప్పరరీ ఆడితే రెండింటికీ నడిమధ్య లిమరిక్‌లో పెట్టారు. 2018లో కిల్కెన్నీ, టిప్పరరీ ఆడితే కిల్కెన్నీ వాళ్ల సొంత నౌలన్ పార్క్‌లో ఆడించారు. 2024లో క్లేర్, కిల్కెన్నీ ఆడితే థర్లెస్‌లోని సెంపుల్ స్టేడియంలో. 2025లో కార్క్, టిప్పరరీ ఫైనల్‌కు చేరితే కార్క్ నగరంలో, కార్క్ వాళ్ల మైదానంలోనే పెట్టారు. 30 వేలకు పైగా జనం వచ్చారు. 1998 తర్వాత కార్క్‌కు అదే మొదటి లీగ్ కప్పు. సొంత ఊరి జనం మధ్య ఎత్తుకున్నారు.

మరి అవతలి జట్టుకు అన్యాయం కాదా? అక్కడా ఆ ప్రశ్న వస్తుంది. సొంత మైదానం ఇస్తే జనం ఎక్కువ, సమానత్వం తక్కువ. మధ్య ఊళ్లో పెడితే సమానత్వం ఎక్కువ, జనం ఒక్కోసారి తక్కువ. రెండూ పూర్తిగా దొరకవు. ఏది వదులుకుంటున్నామో ముందే జట్లకు చెప్పి, ఒప్పించి వదులుకోవాలి. థర్లెస్ చాలాసార్లు ముందుకు రావడానికి కారణం ఇదే. హర్లింగ్ బలంగా ఉన్న కౌంటీలకు అది అందుబాటులో ఉంటుంది, డబ్లిన్-కార్క్ రైలు మార్గంలో ఉంది, పైగా సంఘం పుట్టిన ఊరు.

దూరం ఎవరికి?

మ్యాపులో చూస్తే ఐర్లాండ్ చిన్నదే. కానీ కెర్రీలోని కిల్లార్నీ నుంచి డబ్లిన్ దాదాపు 300 కిలోమీటర్లు. వాయవ్యాన ఉన్న డొనెగల్ కౌంటీకి రైలే లేదు. డబ్లిన్ వాడు ఇంటి నుంచి నడిచి స్టేడియానికి వస్తే, డొనెగల్ వాడు తెల్లవారకముందే లేచి కారెక్కాలి. నలుగురున్న కుటుంబానికి టికెట్లు, పెట్రోలు, తిండి కలిపితే జేబు ఖాళీ. అందుకే అక్కడ డబ్లిన్ జట్టు లేని ఫైనల్‌ను డబ్లిన్‌లో ఎందుకు పెట్టాలనే వాదన మళ్లీ మళ్లీ వస్తుంది.

దూరాన్ని కిలోమీటర్లతో కొలిస్తే సరిపోదు. చివరి బస్సు ఎన్నింటికి? పశువులకు నీళ్లు ఎవరు పెడతారు? పసిపిల్లతో వచ్చిన తల్లి ఎక్కడ కూర్చుంటుంది? పోయినేడు మేం పట్నానికి ఎన్ని కిలోమీటర్లో చూశాం. తిరుగు బస్సు ఎన్నింటికో చూడలేదు.

అడగకుండా మార్చితే

2018లో జరిగిన ఒక సంగతి చెబుతాం. ఇది లీగ్ ఫైనల్ కాదు, చాంపియన్‌షిప్ క్వాలిఫయర్ మ్యాచ్. కిల్డేర్, మేయో జట్లు తలపడాలి. డ్రాలో కిల్డేర్ పేరు ముందు వచ్చింది, కాబట్టి మ్యాచ్ కిల్డేర్ వాళ్ల సొంత ఊరు న్యూబ్రిడ్జ్‌లో జరగాలి. కానీ ఆ మైదానం చిన్నది. మేయో అభిమానులు వేలల్లో వస్తారు, భద్రత కష్టమని చెప్పి అధికారులు మ్యాచ్‌ను క్రోక్ పార్క్‌కు మార్చారు.

కిల్డేర్ వాళ్లు ఒప్పుకోలేదు. మేం న్యూబ్రిడ్జ్‌లోనే ఉంటాం, ఆడితే ఇక్కడే ఆడతాం, లేకపోతే లేదు అన్నారు. పోటీ నుంచే తీసేస్తామనే దాకా వెళ్లింది. దేశమంతా మాట్లాడుకుంది. చివరికి అధికారులే తగ్గారు. జూన్ 30న మ్యాచ్ న్యూబ్రిడ్జ్‌లోనే జరిగింది. చిన్న మైదానం కిక్కిరిసింది. కిల్డేర్ గెలిచింది.

ఇక్కడ ఒక పక్షాన్నే చూడకండి. జనం భద్రత చిన్న విషయం కాదు. మన జాతరల్లో తొక్కిసలాట భయం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అధికారుల లెక్కలో అర్థం ఉంది. కానీ ఆ జనం దగ్గరికి వెళ్లి, కూర్చుని, అడిగి మార్చలేదన్నదే అసలు కోపం. మేం పోయినేడు చేసిందీ అదే. ఏ గూడెం పటేల్‌నూ అడగలేదు, ఏ జట్టు కెప్టెన్‌నూ అడగలేదు. వాట్సాప్‌లో పోస్టర్ పెట్టి ఊరుకున్నాం.

చోటుకు ఉండే బలం

కొన్ని చోట్లకు జనం ఎందుకు పోతారంటే, అక్కడ ఏదో జరిగింది కాబట్టి. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ ఫుట్‌బాల్ ఆడుతుంటే బ్రిటిష్ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్లలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఇవాళ ఆ స్టేడియంలో ఒక స్టాండుకు హోగన్ స్టాండ్ అని పేరు. కప్పు ఇచ్చేది అక్కడే. గెలిచిన ప్రతి కెప్టెన్ ఆ పేరున్న మెట్లే ఎక్కుతాడు.

అల్స్టర్ ప్రాంతపు ఫైనల్‌కు క్లోన్స్ అనే చిన్న ఊరు పేరు పడింది. జనం ఎక్కువవుతున్నారని 2004 నుంచి 2006 దాకా దాన్ని డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌కు తరలించారు. టికెట్లు ఎక్కువే అమ్ముడుపోయాయి. అయినా 2007లో తిరిగి క్లోన్స్‌కే తెచ్చారు. ఆ కొండ ఎక్కే వీధి, దారిపొడవునా జెండాలు, ఇళ్ల ముందు నిలబడి పలకరించేవాళ్లు, ఇవన్నీ ఫైనల్లో భాగమే. అవి క్రోక్ పార్క్‌లో దొరకవు.

జనం ఉన్న చోటికే ఫైనల్‌ను తీసుకుపోయిన కథ కూడా ఉంది. 1947లో ఆల్ ఐర్లాండ్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో ఆడించారు. పెద్ద కరువుకు వందేళ్లు నిండిన సమయమది. కరువులో ఊరు వదిలిన వాళ్ల పిల్లలు, మనవలు అమెరికాలో ఉన్నారు. కావన్, కెర్రీ జట్లు సముద్రం దాటి వెళ్లాయి. కావన్ గెలిచింది. ఇంటి దగ్గరున్న వాళ్లు రేడియో చుట్టూ చేరి విన్నారు.

మనకు ఈ మాట కొత్త కాదు. మేడారంలో స్టేడియం లేదు, గ్యాలరీ లేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది ఎందుకు వస్తారు? సమ్మక్క, సారలమ్మ అక్కడికి వస్తారు కాబట్టి. చోటుకు అర్థం ఉంటే సౌకర్యం తక్కువైనా జనం సర్దుకుంటారు. అర్థం లేని చోట కుషన్ కుర్చీ వేసినా రారు.

మరి చిన్నవాళ్లకు పెద్ద మైదానం వద్దా?

ఇక్కడి దాకా విని పెద్దవాళ్లు తల ఊపుతున్నారు. "మేం చెప్పిందే నిజం, సంత మైదానమే సరి" అనుకుంటున్నారు. ఆగండి. ఇంకో సగం ఉంది.

లీట్రిమ్ అనే కౌంటీ ఉంది. ఐర్లాండ్‌లో అన్నిటికంటే తక్కువ జనాభా దానిదే, 35 వేల పైచిలుకు. పెద్ద కప్పులు వాళ్ల దాకా రావడం అరుదు. 2019లో ఆ జట్టు నాలుగో డివిజన్ ఫైనల్‌కు చేరింది. క్రోక్ పార్క్‌లో డెర్రీతో ఆడింది, ఓడింది. కానీ లీట్రిమ్ జనానికి ఆ రోజు ఓటమి రోజు కాదు. ఎక్కడెక్కడో స్థిరపడిన వాళ్లు కూడా వచ్చారు. తమ కుర్రవాళ్లు ఆ గడ్డి మీద అడుగు పెట్టడం చూడడానికి వచ్చారు. లెక్కలు చూసి ఈ ఫైనల్ చిన్న మైదానంలో చాలు అని ఎవరైనా అంటే, ఆ కుర్రవాళ్ల నుంచి జీవితంలో ఒక్కసారి వచ్చే రోజును లాక్కున్నట్టే.

మన అమ్మాయిలు అడుగుతున్నదీ అదే. దాన్ని షోకు అనుకోవద్దు. అబ్బాయిలు జిల్లా పోటీలకు పోయి స్టేడియాలు చూశారు. అమ్మాయిల్లో చాలామంది చూడలేదు. జనం రాలేదని వాళ్ల అవకాశాన్ని వెనక్కి లాగేస్తే, తప్పు మాది, శిక్ష వాళ్లది అవుతుంది.

జనాన్ని తెచ్చే పనులు

చోటు ఏదైనా, జనం వాళ్లంతట వాళ్లు రారు. గేలిక్ ఆటల వాళ్లు చేసిన వాటిలో మనకు పనికొచ్చేవి ఐదు చెబుతాం.

ఒకటి, ఏటా అదే రోజు. క్లబ్బుల ఆల్ ఐర్లాండ్ ఫైనల్స్‌ను ఏళ్ల తరబడి మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండగ రోజున క్రోక్ పార్క్‌లో ఆడించారు. ఎవరు ఆడుతున్నారో తెలియకముందే జనానికి తేదీ తెలుసు. ఈ మధ్య జనవరికి మార్చారు కానీ, పాత తేదీని తలచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మనం నాలుగేళ్లలో నాలుగు తేదీలు మార్చాం. ఒకేడు పత్తి తీతల్లో పెట్టాం.

రెండు, ఒక టికెట్‌కు రెండు ఆటలు. 2019 మార్చి 31న హర్లింగ్ లీగ్ ఫైనల్, ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ ఒకేరోజు క్రోక్ పార్క్‌లో జరిగాయి. నాలుగు కౌంటీల జనం ఒక్కచోట చేరారు. 2011లో డబ్లిన్ వాళ్లు తమ లీగ్ మ్యాచులను క్రోక్ పార్క్‌కు మార్చి, హర్లింగ్, ఫుట్‌బాల్ జంటగా పెట్టి, పాటల కార్యక్రమాలు కలిపి వసంత సిరీస్ అని నడిపారు. మామూలు లీగ్ మ్యాచ్‌కు రాని కుటుంబాలు సాయంత్రం సరదాగా గడపడానికి వచ్చాయి.

మూడు, కొత్తదనం. 2007 ఫిబ్రవరి 3న క్రోక్ పార్క్‌లో మొదటిసారి ఫ్లడ్‌లైట్లు వెలిగించారు. డబ్లిన్, టైరోన్ మధ్య అది లీగ్‌లో మామూలు మ్యాచ్, ఫైనల్ కూడా కాదు. 80 వేలకు పైగా జనం వచ్చారు. లైట్లు వెలగడం చూడడానికి వచ్చారు. అయితే కొత్తదనం ఒక్కసారే పనిచేస్తుంది. రెండోసారి రావాలంటే ఆట బాగుండాలి, వచ్చినవాడికి మర్యాద దక్కాలి.

నాలుగు, పిల్లలు. పెద్ద మ్యాచుల్లో హాఫ్‌టైమ్‌లో బడిపిల్లలను తెచ్చి అదే మైదానంలో కొద్ది నిమిషాలు ఆడిస్తారు. ఒక పిల్ల ఆడితే అమ్మ, నాన్న, తాత, అత్త అందరూ వస్తారు. ఆ పిల్ల జీవితాంతం చెప్పుకుంటుంది. మన ఆశ్రమ పాఠశాలల్లో ఎంతమంది పిల్లలున్నారు! వాళ్లను ప్రేక్షకులుగా లారీలో తెచ్చి కూర్చోబెట్టడం కాదు, మధ్యలో పది నిమిషాలు కూత పెట్టనివ్వండి.

ఐదు, మహిళల ఆట. మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం 1974లో మొదలైంది, అదీ అదే హేస్ హోటల్లో. వాళ్ల ఆల్ ఐర్లాండ్ ఫైనల్స్ రోజున 2017లో 46,286 మంది, 2018లో 50,141 మంది, 2019లో 56,114 మంది వచ్చారు. మూడేళ్లలో ఈ పెరుగుదల ఊరికే రాలేదు. మూడు స్థాయిల ఫైనల్స్‌ను ఒకేరోజు క్రోక్ పార్క్‌లో పెట్టారు. టీజీ4 అనే ఐరిష్ భాషా టీవీ ఏళ్ల తరబడి వాళ్ల ఆటను చూపించింది. 2018లో దేశమంతా ఒక ప్రచారం మొదలైంది. మహిళల క్రీడల వార్తలు, ఆడేవాళ్లు, చూసేవాళ్లు 2020 నాటికి 20 శాతం పెరగాలని దాని లక్ష్యం. క్లబ్బుల్లోని చిన్నపిల్లలు జట్లు జట్లుగా వచ్చారు. ఎవరూ చూడని సమయంలో మ్యాచ్ పెట్టి, చూడ్డానికి ఎవరూ రారని చెప్పడం సులభం. వాళ్లు ఆ పని మానేశారు.

టీజీ4 పేరు వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఆ చానల్ లీగ్ మ్యాచులకు కామెంటరీ ఐరిష్‌లో చెబుతుంది. ఆ భాష సరిగా రానివాళ్లు కూడా ఆట కోసం చూస్తారు, చూస్తూ నాలుగు మాటలు నేర్చుకుంటారు. మన మైకులో పోయినేడు అంతా తెలుగే, మధ్యలో సగం ఇంగ్లీషు. కూతకు, పట్టుకు, దెబ్బకు మన భాషలో మాటలు లేవా? ఈసారి మైకు మన భాషలో మోగాలి.

మేం చేస్తున్న ప్రతిపాదన

ఇప్పుడు మన సంగతి. గేలిక్ వాళ్ల దగ్గరున్న డబ్బు మన దగ్గర లేదు. వాళ్ల పద్ధతులన్నీ మంచివని కూడా చెప్పడం లేదు. ఈ మధ్య టికెట్లు ఎక్కువగా ఆన్‌లైన్లోనే కొనాలనేసరికి అక్కడి ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారు. కాబట్టి చూసి నేర్చుకుందాం, కాపీ కొట్టొద్దు. మా కమిటీ మూడు రాత్రులు కూర్చుని ఈ మాటల మీదికి వచ్చింది.

ఈ ఏడు ఫైనల్ సంత పక్క మైదానంలోనే పెడదాం, సంత రోజునే. జనం ఎలాగూ అక్కడికే వస్తారు, బస్సులూ ఆటోలూ ఆ రోజు ఎక్కువే. జట్లలో ఒకదానికి ఆ మైదానం సొంతమైతే, అవతలి జట్టు గూడేనికి రెండు బండ్లు సంఘం ఖర్చుతో పంపిద్దాం.

అమ్మాయిల ఫైనల్ చివర ఆడిద్దాం. పొద్దుగూకే వేళ, జనం నిండుగా ఉన్నప్పుడు, అద్దెకు తెచ్చిన లైట్ల కింద. అబ్బాయిల ఫైనల్ దానికి ముందు. ఈ మాట విని కొందరు అబ్బాయిలు మొహం చిట్లిస్తున్నారు, కనిపిస్తోంది. పోయినేడు పొద్దున ఖాళీ గ్యాలరీ ముందు ఆడింది మీరు కాదు తమ్ముళ్లూ.

తిరుగు ప్రయాణం ముందే చూసుకుందాం. చివరి బండి కదిలేదాకా కమిటీ వాళ్లం మైదానం వదలం. తాగునీళ్లు, ఆడవాళ్లకు మరుగు, పసిపిల్లల తల్లులకు నీడ, ఇవి ఉన్నాకే మైకు, డోలు.

పట్నం స్టేడియాన్ని వదిలెయ్యడం లేదు. వచ్చే ఏడు అమ్మాయిల, అబ్బాయిల ఫైనల్స్ రెండూ అక్కడే పెడదాం, కానీ మూడు షరతులు. తేదీ మూడు నెలల ముందు చెప్పాలి. ప్రతి గూడెం నుంచి బండి మాట్లాడాలి. ప్రతి జట్టు కెప్టెన్, ప్రతి పటేల్ సరేనని చెప్పాలి. ఈ మూడూ కుదరకపోతే మళ్లీ సంత మైదానమే. అప్పుడు ఎవరూ మమ్మల్ని తిట్టొద్దు.

ఇక మీ పని. ఒక్కొక్కరు పోస్టర్ ఫార్వర్డ్ చేయడం కాదు. ఒక్కొక్కరు ఒక గూడేనికి వెళ్లి, నలుగురు పెద్దవాళ్లను, నలుగురు పిల్లలను పేరు పెట్టి పిలిచి తీసుకురండి. థర్లెస్ హోటల్లో కూర్చున్నవాళ్లకు ఫోన్ల్లేవు. మనిషి మనిషినీ పలకరించి పిలుచుకున్నారు.

ఈ ప్రతిపాదన మీద సభ అయిపోగానే చేతులెత్తి తేల్చుకుందాం. వద్దనేవాళ్లు కూడా నిలబడి కారణం చెప్పండి, రాసుకుంటాం. పోయినేడు అడగలేదు. ఈసారి అడుగుతున్నాం.